సీసాలో కొన్న బార్బెక్యూ సాస్‌ని ఇంట్లో ఎట్టా బాగు చేసుకోవాలి? తీపి తట్టుకోలేకపోతున్నాం

కావలి_రైలుకట్ట

అన్నలకీ అక్కలకీ నమస్తే. కనుమ రోజు రాత్రి మా మేడ మీద బొగ్గుల గ్రిల్ పెట్టి చికెన్ లెగ్ పీసులు కాల్చాం. మా బామ్మర్ది చెన్నై నుంచి వస్తా వస్తా ఆ గ్రిల్లూ రెండు సీసాల బార్బెక్యూ సాసూ తెచ్చాడు, రెండు కిలోల చికెను, ఇంట్లో తొమ్మిది మందిమి. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పొద్దున్నుంచీ ఫ్రిజ్‌లో పెట్టాం, అంతవరకూ బాగానే జరిగింది. కాల్చేటప్పుడు మాత్రం మొదట్నుంచే బ్రష్షుతో సాస్ పూస్తా వచ్చాం, సీసా మీద బొమ్మలో ముక్క నిగనిగలాడతా ఉంటది గదా, అట్టా రావాలని. పది నిమిషాలకల్లా పైన బొగ్గులా మాడింది, లోపల ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉండాది. మాడిన పొర గీకేసి మళ్ళీ కాల్చి తిన్నాం, కానీ ఆ సాస్ రుచి ఎవరికీ నచ్చలా. అమ్మ ఒక ముక్క కొరికి "ఇదేందిరా బెల్లప్పాకంలో ముంచినట్టుంది" అని పక్కన పెట్టేసింది, పిల్లలు తిన్నారు గానీ వాళ్ళు గూడా రెండో ముక్కకి సాస్ వద్దన్నారు.

సీసా వెనక చదివితే మొట్టమొదటి పేరే చక్కెర, తర్వాత నీళ్ళు, టమాటా పేస్టు, వెనిగర్, స్టార్చి, రంగు, తిండిలో కలిపే పదార్థాలకిచ్చే ఐఎన్ఎస్ నంబర్లు ఉన్నాయి. పొగ వాసన అని రాశాడు, అది నాకు మందు వాసనలాగా తగిలింది. ఇప్పుడు ఒకటిన్నర సీసా మిగిలింది, పారెయ్యడానికి మనసు రావట్లా, డబ్బుల గురించే కాదు, మా బామ్మర్ది ఎంతో ఇష్టంగా మోసుకొచ్చాడు. ఆ తీపి తగ్గించి, మన నోటికి పట్టేట్టు, నిజంగా నిప్పుల మీద చేసిన రుచి వచ్చేట్టు చేసుకునే దారి ఉంటే చెప్పండి. కొలతలతో చెప్తే ఇంకా మేలు, నాకు చేతి అంచనా ఇంకా రాలేదు. ఇంకో విషయం, మాడింది సాస్ వల్లా లేక మా చేతకానితనం వల్లా అన్నది గూడా తెలియాలి.

పెన్నాతీరం_నెల్లూరు

తమ్ముడూ, సీసా పారెయ్యబాక. దాన్ని పూర్తయిన సాస్ అనుకోవద్దు, సగం కాగిన పులుసు అనుకో, అప్పుడు ఏం చెయ్యాలో నీ చేతికే తెలుస్తది. మనం చేపల పులుసు పెట్టేటప్పుడు ఏం చూస్తాం, పులుపు, కారం, ఉప్పు మూడూ ఒకదాన్నొకటి పట్టుకోనుండాయా లేదా అని గదా. నీ సీసాలో తీపి ఒక్కటే నిలబడి ఉండాది, దానికి తోడు లేదు. అందుకే ఎబ్బెట్టు.

అందులో పులుపు లేకపోలేదు, వెనిగర్ ఉంది. కానీ వెనిగర్ పులుపు ముక్కులోకి కొట్టి పోతది, నాలిక మీద నిలబడదు. నిలబడే పులుపు చింతపండుదే. నేను చేసే పద్ధతి చెప్తా రాసుకో.

ఒక నీళ్ళ గ్లాసుడు సాస్‌కి (పావు కిలో అనుకో) చిన్న ఉసిరికాయంత చింతపండు, పాతది నల్లగా ఉండేదైతే ఇంకా మంచిది, వేణ్ణీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తియ్యి. ఒక చిన్న ఉల్లిపాయ తురుము, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచుకో. స్టీలు గిన్నె పెట్టు, అల్యూమినియం వద్దు, ఇంత పులుపు అందులో కాగితే గిన్నె రుచి సాస్‌కి పట్టిద్ది. రెండు స్పూన్ల నూనె వేసి ఉల్లిపాయ తురుము సన్న మంట మీద బాగా ఎర్రబడే దాకా వేయించు, ఇక్కడ తొందరపడితే అంతా పోతది, పచ్చి ఉల్లి వాసన ఎంత కాగినా పోదు. తర్వాత వెల్లుల్లి, అది వేగాక మంట ఇంకా తగ్గించి అర స్పూను కారం, పావు స్పూను మిరియాల పొడి, పావు స్పూను వేయించిన జీలకర్ర పొడి. కారం నూనెలో నాలుగు క్షణాలు తగిలితే చాలు, రంగు దిగతానే చింతపండు గుజ్జు పోసెయ్యి, లేకపోతే మాడి చేదొస్తది. గుజ్జు పచ్చివాసన పోయాక సాస్ పోసి, సీసా అడుగున పావు గ్లాసు నీళ్ళు పోసి గిలకొట్టి అవి గూడా పొయ్యి. సన్న మంట మీద పన్నెండు పదిహేను నిమిషాలు, మధ్య మధ్యలో అడుగంటకుండా తిప్పతా ఉండు. నేనైతే మన ఉదయగిరి చెక్క గరిటెతో తిప్పుతా, గిన్నె గీరుకోదు, చెయ్యి కాలదు. వేడిమీద పల్చగా కనిపిస్తది, భయపడబాక, చల్లారితే చిక్కపడుద్ది.

ఉప్పు చివర్లో చూడు. ముందే వెయ్యొద్దు, సీసాలో ఉప్పు చానా ఉంటది, మరిగేకొద్దీ అది ఇంకా ఎక్కువవుతది.

దించినాక అర నిమ్మకాయ పిండు. పొయ్యి మీద ఉండంగా పిండితే ఆ వాసన ఆవిరైపోతది. మనకి పొదలకూరు మార్కెట్టుంది, నిమ్మకాయకి కొరత లేదు గదా. మామిడికాయ వచ్చే రోజుల్లో చింతపండు సగానికి తగ్గించి పచ్చి మామిడికాయ ఉడికించిన గుజ్జు వేస్తా, మనోళ్ళు చేపల పులుసులో మామిడికాయ వేసినట్టే, ఆ పులుపుకి ఒక పండు వాసన ఉంటది, చికెన్‌కి చానా బాగుంటది.

అన్నిటికన్నా ముఖ్యమైంది, చేసిన రోజే వాడొద్దు. చేపల పులుసు మర్నాటికి ఎట్టా ఊరుద్దో ఇదీ అంతే. రాత్రి చేసి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీసి చూడు, కారం వేరు పులుపు వేరు అనిపించదు. కొన్న సీసా నెలల తరబడి నిలవుంటది గానీ నువ్వు ఉల్లిపాయా వెల్లుల్లీ వేశాక అది ఇంటి కూరే, వారంలోపు అయిపోగొట్టు, తడి స్పూను పెట్టొద్దు.

సింగరాయకొండ_వంటలు

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు, సాస్ వరకు. నేను కేటరింగులో ఉన్నాను, పెళ్ళిళ్ళకీ రిసెప్షన్లకీ లైవ్ గ్రిల్ కౌంటర్ పెడతాం, కాబట్టి మాడటం గురించి నేను చెప్తాను. తమ్ముడూ అది నీ చేతకానితనం కాదు, ఎవురూ చెప్పకపోతే అందరూ అట్నే పూస్తారు. చక్కెర 160 డిగ్రీల దగ్గర్నుంచే రంగు మారి పాకం మాడటం మొదలవుద్ది, ఎర్రటి బొగ్గుల మీద ఊచలు 250 దాటిపోయి ఉంటాయి, మరి చక్కెరే మొదటి పేరుగా ఉన్న సాస్‌ని మొదటి నిమిషంలో పూస్తే ముక్క ఉడకడానికి ముందే అది బొగ్గయి కూర్చుంటది. లెగ్ పీస్ ఉడకడానికి 35, 40 నిమిషాలు కావాల. సాస్ ఆఖరి ఐదారు నిమిషాల్లో మాత్రమే పుయ్యాలి, పల్చగా ఒక పూత, ఆరినాక తిప్పి ఇంకో పూత, అంతే.

రెండోది నిప్పు. గ్రిల్ అంతా బొగ్గులు పరిచావనుకుంటా, అందరూ చేసే తప్పే. బొగ్గులన్నీ ఒక పక్కకి నెట్టాలి, ఒక పక్క మంట, ఒక పక్క ఖాళీ. ముక్కలు మొదట మంట పక్కన పెట్టి రంగొచ్చే దాకా కాల్చి, తర్వాత ఖాళీ పక్కకి జరిపి మూత పెట్టి నిదానంగా ఉడకనియ్యి, మూత లేకపోతే పెద్ద గిన్నె బోర్లించు. ఎముక దగ్గర కోసి చూస్తే ఎర్రదనం ఉండకూడదు, నీరు తేటగా రావాల. థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు చూపించాలి, మేము అది లేకుండా కౌంటర్ పెట్టం, కంటి అంచనా రాత్రిపూట లైట్ల కింద మోసం చేస్తది.

బొగ్గులు ఎర్రగా మండతా ఉన్నప్పుడు పెట్టొద్దు, పైన తెల్లగా బూడిద పట్టాక పెట్టాలి. కిరసనాయిలు పోసి వెలిగించొద్దు, ఆ కంపు ముక్కకి పడితే ఏ సాసూ కాపాడలేదు.

ఇంకోటి ఖచ్చితంగా చెప్పాలి, పచ్చి చికెన్ మీద పూసిన బ్రష్షు మళ్ళీ సాస్ గిన్నెలో ముంచబాకండి. ముందే సాస్ రెండు గిన్నెల్లో తీసుకో, ఒకటి పుయ్యడానికి, ఒకటి తినేటప్పుడు పక్కన వేసుకోడానికి. పూసే గిన్నెలో మిగిలింది పారేసెయ్యాల. మా దగ్గర కొత్తగా చేరే పిల్లోళ్ళకి మొదటి రోజు చెప్పేది ఇదే.

కొలత అడిగావు గదా, కిలో చికెన్‌కి 150 నుంచి 200 గ్రాముల సాస్ సరిపోద్ది, పక్కన వేసుకునేదానితో కలిపి.

ఒంగోలు_టు_కాన్సాస్

ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. మాది ఒంగోలు, ఉద్యోగం వల్ల అమెరికాలో కాన్సాస్ సిటీలో ఉంటున్నాం, మీ సీసాలో ఉన్న రకం సాస్ పుట్టిన ఊరు ఇదే. టమాటా, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం), చక్కెర వేసి చిక్కగా తియ్యగా చేసేది కాన్సాస్ సిటీ పద్ధతి, ప్రపంచమంతా సీసాల్లో దొరికేది చాలావరకు దీని పోలికే. అందుకని బార్బెక్యూ సాస్ అంటే ఇట్టనే తియ్యగా ఉండాలేమో అని మనవాళ్ళు అనుకుంటారు, అది నిజం కాదు. ఇక్కడే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకం. నార్త్ కరోలినా తూర్పు వైపు టమాటానే ఉండదు, వెనిగర్‌లో ఎండుమిర్చీ మిరియాలూ ఉప్పూ, చారులాగా పల్చగా ఉంటుంది. సౌత్ కరోలినాలో ఆవాల సాస్, పసుపు పచ్చగా. అలబామాలో మయోనైజూ వెనిగరూ మిరియాలతో తెల్లటి సాస్, 1925లో బాబ్ గిబ్సన్ అనే ఆయన డెకేటర్ అనే ఊళ్ళో మొదలుపెట్టింది, అది చికెన్ కోసమే పుట్టింది. టెక్సాస్ మధ్య భాగంలోనైతే గొడ్డు మాంసానికి ఉప్పూ మిరియాలే, సాస్ పక్కన ఇస్తారు, కావాలంటే వేసుకుంటారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ తియ్యటి సాస్ ఎందుకు నప్పుతుందో అర్థమైతే మన దగ్గర ఎందుకు నప్పలేదో తెలుస్తుంది. ఇక్కడ మాంసం 110, 120 డిగ్రీల వేడిలో పది పన్నెండు గంటలు పొగలో ఉంటుంది. పొగ చేదూ ఉప్పూ కొవ్వూ అంతలా పట్టిన ముక్క మీద తీపి పడితే సరిపోతుంది. అంత తక్కువ వేడిలో చక్కెర మాడదు కూడా. మనం ఎర్రటి నిప్పుల మీద అరగంటలో కాల్చే చికెన్‌కి ఆ చేదు లేదు, ఆ కొవ్వు లేదు, తీపి ఒంటరిగా మిగిలిపోతుంది. పెన్నాతీరం అక్క చెప్పింది అదే.

కాబట్టి మీ సీసాకి మూడు వైపులా దారి ఉంది. అక్క చెప్పిన చింతపండు దారి ఒకటి. రెండోది ఆవాల దారి, నాకు ఇది మరీ ఇష్టం, ఆవకాయ తిన్న నోరు కదా. ఒక స్పూను ఆవపిండి రెండు స్పూన్ల చల్లటి నీళ్ళలో కలిపి పది నిమిషాలు వదిలేయండి, తడి తగిలాకే ఆవ ఘాటు పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది, అందుకని సాస్ కాచి బాగా చల్లారాక కలపాలి. మూడోది చేదు, ఒక కప్పు సాస్‌కి రెండు మూడు స్పూన్ల చిక్కటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్, చక్కెర లేనిది, మరిగేటప్పుడు పోయండి. కాఫీ వాసన తెలియదు, తీపి మాత్రం వెనక్కి తగ్గి రంగు లోతుగా వస్తుంది. ఇక్కడ కూడా చాలామంది కాఫీ వేస్తారు.

పొగ గురించి. ఇక్కడ మెస్కీట్ అని ఒక చెట్టు కట్టెని ఎంతో గొప్పగా చెప్పుకుంటారు, టెక్సాస్‌లో దాని పొగంటే ప్రాణం, సంచుల్లో పెట్టి అమ్ముతారు. మొదటిసారి ఆ చెట్టు చూసి నేను రోడ్డు పక్కన నిలబడిపోయాను. అది మన చిల్లచెట్టుకి స్వయానా చుట్టం! సర్కారు తుమ్మ, సీమ తుమ్మ అంటాం చూడండి, అదే ప్రోసోపిస్ జాతి. మన దగ్గరది జూలిఫ్లోరా, ఇక్కడిది గ్లాండులోసా. మన జూలిఫ్లోరా కూడా అమెరికా ఖండం నుంచే 1870ల్లో మన దేశానికి తెచ్చి నాటింది. చెరువు కట్టల మీద, బీళ్ళల్లో, కనిగిరి పొదిలి వైపు ఎక్కడ చూసినా అదే, దాన్ని బట్టీ పెట్టి బొగ్గు చేసి అమ్మేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూశాం. మీ దగ్గర కొన్న బొగ్గు ఆ బొగ్గే అయ్యుండొచ్చు. దానికి తోడు బాగా ఎండిన చిల్లకట్టె చిన్న ముక్కలు రెండు నిప్పుల మీద వేసి మూత పెట్టండి. ఎండినవే కావాలి, పచ్చివి వేస్తే తెల్లటి దట్టమైన పొగొచ్చి ముక్క చేదెక్కుతుంది. జామాయిల్ కట్టె మాత్రం వద్దు, ఆ నూనె వాసన తిండికి పనికిరాదు. రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు అసలే వద్దు.

పెన్నాతీరం_నెల్లూరు

తమ్ముడూ పొగ మాట వచ్చింది గాబట్టి ఇంకోటి. గ్రిల్ దగ్గర కుదరకపోయినా సాస్‌కే పొగ పట్టించొచ్చు. సాస్ గిన్నె మధ్యలో చిన్న స్టీలు గిన్నె తేలేట్టు పెట్టి, ఒక బొగ్గు ముక్క ఎర్రగా కాల్చి అందులో వేసి, దాని మీద అర స్పూను నెయ్యి పొయ్యి, పొగ లేస్తానే మూత పెట్టెయ్యి. మూడు నిమిషాలు చాలు. ఐదు దాటితే మసి రుచి వస్తది. నీ సీసాలో ఆ మందు వాసన ఉందన్నావు గదా, పైన నిజం పొగ పడితే అది మరుగున పడుద్ది.

వాన పడిందనో చలనో ఆ బొగ్గుల గ్రిల్ మాత్రం తలుపులేసిన గదిలోకి తేబాకండి, ఆరిపోతా ఉన్న బొగ్గుల నుంచి గూడా విషవాయువు వస్తది, వాసన తెలియదు. ఇది నేను ఎవరికైనా చెప్తానే ఉంటా.

కొత్తపట్నం_అలలు

అందరూ చికెన్ గురించే చెప్తున్నారు, మాకు రొయ్యలు ఎక్కువ. 30 కౌంట్ (కిలోకి 30 తూగే) వనామీ రొయ్యలు తెచ్చి ఇదే సాస్ పూసి కాల్చొచ్చా? పోయినసారి నేను సాస్‌లో గంట నానబెట్టి కాల్చితే రబ్బరులా అయినాయి.

ఇంకా ఒక మాట, ఈ అమెరికా వాళ్ళు బార్బెక్యూ సాస్‌లో వుస్టర్ సాస్ వేస్తారంట గదా, అది ఇక్కడ దొరకట్లా, దాని బదులు ఏం వెయ్యాలి?

సింగరాయకొండ_వంటలు

రొయ్య నానబెట్టొద్దు అన్నా. పులుపులో గంట ఉంటే కండ ముందే బిగిసిపోద్ది, పైన నిప్పు తగిలితే ఇంకా గట్టిపడుద్ది. ఉప్పు, పసుపు, కొంచెం కారం, నూనె పట్టించి పది నిమిషాలు చాలు. తోక ఉంచి పెంకు తీసి, వీపు మీద గీత పెట్టి నల్ల నరం తీసి, పుల్లకి నాలుగు గుచ్చుకో, చెక్క పుల్లయితే అరగంట నీళ్ళలో నానెయ్యి, కాలిపోకుండా. మంట పక్కనే ఒక వైపు రెండు నిమిషాలు, తిప్పి సాస్ పూసి ఇంకో నిమిషమున్నర. గుండ్రంగా సీ అక్షరంలా వంగితే ఉడికినట్టు, సున్నాలా బిగుసుకుపోతే దాటిపోయినట్టు. రొయ్యకి మాత్రం అక్క చెప్పిన సాస్‌లో ఇంకో అర చెక్క నిమ్మకాయ పిండి కొంచెం పల్చగా చేసుకోండి, రొయ్యలోనే తీపి ఉంటది గాబట్టి చిక్కటి సాస్ దాన్ని కప్పేస్తది. వంజరం చేప ముక్కలకైనా అంతే.

ఒంగోలు_టు_కాన్సాస్

వుస్టర్ సాస్ సంగతి నేను చెప్తాను, మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంగ్లండులో వుస్టర్ అనే ఊళ్ళో లీ అండ్ పెరిన్స్ వాళ్ళు 1837 నుంచి అమ్ముతున్నారు, అందులో వెనిగర్, మొలాసిస్, ఉల్లి, వెల్లుల్లితో పాటు ముఖ్యంగా ఉండేవి రెండు, చింతపండూ, ఉప్పులో ఊరబెట్టిన ఆంకోవీ చేపలూ. ఆంకోవీ అంటే మన నెత్తళ్ళే. చింతపండు అక్క ఎలాగూ వెయ్యమంది, ఇక మిగిలింది నెత్తళ్ళు. కొత్తపట్నంలో ఉండి మీరు వుస్టర్ సాస్ కోసం వెతకాల్సిన పనే లేదు. నాలుగైదు ఎండు నెత్తళ్ళు తలలు తీసేసి, కడిగి ఆరబెట్టి, నూనె లేకుండా కరకరలాడేదాకా వేయించి మెత్తగా పొడి కొట్టండి. గ్లాసుడు సాస్‌కి అర స్పూను, ఉల్లిపాయ వేగాక వెయ్యండి. చేప వాసన రాదు, రుచి మాత్రం నోట్లో నిలుస్తుంది. ఎండు చేపల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి సాస్‌లో వేరే ఉప్పు వెయ్యకండి.

మార్కాపురం_పలక

మేము మాంసం తినం, కానీ మా పిల్లలు ఈ సాస్ అడుగుతారు. ఒక హెచ్చరిక, పైన చెప్పినట్టు వుస్టర్ సాస్‌లో మామూలుగా చేప ఉంటుంది కాబట్టి శాకాహారులు సీసా కొనేముందు ఆకుపచ్చ చుక్క చూసి, వెనక పదార్థాలు కూడా చదవండి. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి బరువు వరసలో రాస్తారు, కాబట్టి టమాటా ముందుండి చక్కెర తర్వాత ఉన్న సీసా దొరికితే అదే తెచ్చుకోండి, సగం పని అక్కడే తప్పుతుంది.

నేను సీసా సాస్‌లో కలిపేది పండుమిరపకాయ పచ్చడి. మిగతా ఏదీ అక్కర్లేదు నిజంగా. గ్లాసుడు సాస్‌కి ఒకటిన్నర స్పూను పచ్చడి, మిక్సీలో ఒక తిప్పు తిప్పి, ఐదు నిమిషాలు కాచడమే. అందులో పండుమిరపకాయా చింతపండూ ఉప్పూ నెలల తరబడి ఊరి ఉంటాయి, ఆ ఊరిన పులుపుకి సమానమైంది పొయ్యి మీద పదిహేను నిమిషాల్లో రాదు. చేతిలో టైం లేనివాళ్ళకి ఇదే సులువు. మొక్కజొన్న పొత్తులు, గెనుసుగడ్డలు ముందు సగం ఉడికించి చక్రాలుగా కోసినవి, పనీరు, పచ్చి పనసకాయ ముక్కలు ఉడికించినవి, వీటన్నిటి మీదా పూసి కాలుస్తాం. గెనుసుగడ్డ మీద మాత్రం పచ్చడి పాలు రెట్టింపు వేసుకోవాలి, అదే తీపి కాబట్టి.

కావలి_రైలుకట్ట

అందరికీ చానా థాంక్స్. శనివారం రాత్రి కూర్చుని అక్క చెప్పినట్టే చేశాను, చేసేముందు మాత్రం ఒక పని చేశా, సాస్‌ని నాలుగు చిన్న గిన్నెల్లో మూడేసి స్పూన్లు తీసి ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో ఆవపిండి, ఒకదాంట్లో డికాక్షన్, ఒకదాంట్లో పండుమిరపకాయ పచ్చడి కలిపి, వేయించిన చికెన్ ముక్కతో అద్దుకుని రుచి చూశాం ఇంట్లో అందరం. వేలితో నాకితే నాలుగూ బాగానే ఉండాయి, ముక్కతో తింటేనే తేడా తెలిసింది. డికాక్షన్ ఒక్కటే వేసింది రంగు బాగుంది గానీ ఒట్టి చేదు మిగిలింది, అది చింతపండుతో కలిస్తేనే అందం. ఆవపిండి నాకు నచ్చింది, పిల్లలకి ముక్కుకెక్కింది. పచ్చడి వేసింది మా ఆవిడకి నచ్చింది, ఆమె టిఫిన్లకి అదే చేస్తానంటోంది.

చివరికి పెద్ద గిన్నెలో రెండు గ్లాసుల సాస్‌కి రెండు ఉసిరికాయలంత చింతపండు, రెండు ఉల్లిపాయలు, ఒక స్పూను కారం, నాలుగు స్పూన్ల డికాక్షన్ వేసి కాచాను, కాస్త ఎక్కువసేపే పట్టింది, ఇరవై నిమిషాలు. దించి నిమ్మకాయ పిండి, బొగ్గూ నెయ్యితో మూడు నిమిషాలు పొగ పెట్టి మూసి ఫ్రిజ్‌లో పెట్టేశా. ఆదివారం సాయంత్రం బొగ్గులు ఒక పక్కకి నెట్టి, పక్కింటాయన ఇచ్చిన ఎండు చిల్లకట్టె రెండు ముక్కలు వేసి, లెగ్ పీసులు నలభై నిమిషాలు కాల్చాను. ఆఖర్న రెండు పూతలు. ఒక్క ముక్క గూడా మాడలా, ఎముక దగ్గర ఎర్రదనం లేదు. సాస్ కిలోకి 160 గ్రాములు పట్టింది, తూకం వేశాను.

అమ్మకి ముక్క ఇచ్చి పక్కనే నిలబడ్డా. తిన్నది, ఏం మాట్లాడలా, గిన్నెలో ఇంకొంచెం సాస్ వేసుకుంది. తర్వాత అన్నది, "మర్నాడు చేపల పులుసు దాక అడుగున చిక్కగా మిగుల్తదే, అట్టుంది" అని. మా అమ్మ ఆ అడుగు పులుసు ఎవరికీ పెట్టదు, పొద్దున్నే చద్దన్నంలో ఆమే వేసుకుంటది. బామ్మర్దికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను, వచ్చేటప్పుడు ఇంకో రెండు సీసాలు తెస్తానన్నాడు, టమాటా ముందు రాసుండేది చూసి తెమ్మన్నా.

ఒక గ్లాసు మిగిలింది, గాజు సీసాలో పోసి తేదీ రాసి పెట్టా. నెత్తళ్ళ పొడి ఇంకా వెయ్యలా, గురువారం 40 కౌంట్ రొయ్యలు వస్తాయన్నారు, అప్పుడు వేసి ఎట్టుందో ఇక్కడే రాస్తా.